డయాలసిస్‌లో హెపారిన్ ఎక్కించుకుంటే మేలా, మానేస్తే మేలా?

సోంపేట, కవిటి, పలాస వైపు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్న ఇళ్లలో ఈ మాట తరచూ వస్తుంది. డయాలసిస్ సాగుతుండగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందే హెపారిన్. సూది తీశాక రక్తం ఓ పట్టాన ఆగదు. "ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలున్నాయి కదా, మరెందుకు కారుతోంది? ఆ మందు మానేస్తే పోదా?" అంటారు.

లెక్క సరిగ్గానే ఉంటుంది, పని సరిగ్గా ఉండదు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉన్నా, కిడ్నీలు వడకట్టని మలినాల వల్ల ప్లేట్‌లెట్లు గాయం దగ్గర గట్టిగా అతుక్కోవు. రక్తం తక్కువైతే ఇంకా కష్టం. ఎర్రకణాలు దండిగా ఉంటేనే ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడ వైపు నెడతాయి. హిమోగ్లోబిన్ పెరిగితే రక్తం కారడమూ తగ్గేది అందుకే. మరోవైపు ఇదే జబ్బులో ఫైబ్రినోజెన్ లాంటి గడ్డకట్టించే ప్రోటీన్లు పెరుగుతాయి. చిగుళ్ల నుంచి రక్తం కారే మనిషికే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన దారి) గడ్డకట్టి మూసుకుపోవచ్చు.

అందుకే, రక్తస్రావం లేకుండా మామూలుగా డయాలసిస్ చేయించుకునేవారికి డాక్టరు రాసిన మోతాదులో హెపారిన్ ఉండటమే మేలంటాను. నాలుగు గంటలు రక్తం ప్లాస్టిక్ గొట్టాల్లో తిరుగుతుంది. మధ్యలో గడ్డకడితే అందులో ఉన్న రక్తాన్ని తిరిగి ఒంట్లోకి ఎక్కించలేరు. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్నవాళ్లకి అది చిన్న నష్టం కాదు. చివర్లో సెలైన్‌తో కడిగాక డయలైజర్ (రక్తాన్ని వడకట్టే గొట్టం) వైపు ఓసారి చూడండి. లోపలి పోగులు దాదాపు తెల్లగా తేలితే సరే, ముదురు ఎర్ర చారలు మిగిలితే కొన్ని మూసుకుపోయినట్టే.

హెపారిన్ లేకుండానూ చేస్తారు. పావుగంటకో అరగంటకో సెలైన్ తోస్తూ ఉండాలి, ఆ నీటిని మళ్లీ మిషనే లాగాలి. అంత చేసినా గడ్డకట్టే భయం పోదు. అయినా కొత్తగా ఆపరేషన్ అయినా, మెదడులో రక్తస్రావమైనా, నల్లటి విరేచనాలవుతున్నా ఇదే దారి, రెండో ఆలోచన వద్దు. పన్ను తీయించుకున్న రోజైతే సూదులు గుచ్చకముందే టెక్నీషియన్‌కి చెప్పాలి.

తక్కువ అణుభారపు హెపారిన్ అని ఇంకో రకం ఉంది, మొదట్లో ఒక్కసారి ఇస్తే చాలు, సుళువు. కానీ అది చాలావరకు కిడ్నీల ద్వారానే పోవాలి కాబట్టి మామూలు హెపారిన్ కంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. రక్తం కారే గుణమున్నవారికి నా మొగ్గు పాతదానికే.

ఇక సూది తీశాక ప్రతిసారీ చాలాసేపు రక్తం ఆగకపోతే తప్పంతా హెపారిన్‌దే అనుకోవద్దు. ఫిస్టులా పైభాగంలో నరం ఇరుకైనా అలాగే అవుతుంది, దాన్ని చూపించుకోవాలి. కొబ్బరి తోటల్లో, జీడి పనుల్లో ఒళ్లు నొప్పులకి మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్ బిళ్లలూ ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి. మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తాయి.

ప్లేట్‌లెట్ల లెక్క నిజంగా ముఖ్యమయ్యేది ఒక చోట. హెపారిన్ మొదలెట్టిన ఐదు నుంచి పది రోజుల్లో లెక్క సగానికి పడిపోతే అది ఆ మందు వల్ల వచ్చిన ప్రతిచర్య కావచ్చు. అప్పుడు రక్తం కారడం కాదు, గడ్డలు కట్టడమే అసలు ప్రమాదం. వెంటనే డాక్టరుకి చెప్పాలి. డయాలసిస్ కోసం మెడలో పెట్టిన పైపు ఉంటే అందులో నింపే హెపారిన్‌తో సహా అంతా ఆపేస్తారు. మొదలెట్టక ముందు తీసిన రిపోర్టు దాచుకుని ఉంటేనే ఆ తేడా తెలిసేది.