స్టోరీవీవర్ తెలుగు కథలు: చదవడంలో వెనకబడిన పిల్లలకు ఎంతవరకు పనికొస్తాయి?

పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. భాష, స్థాయి ఎంచుకుని కథ తెరవడమే. పీడీఎఫ్ దించుకుని ప్రింటు కూడా తీసుకోవచ్చు. అక్షరాలు గుర్తుపట్టినా మాట కూడబలుక్కోలేక ఆగిపోయే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంత మంచి సరుకు ఉచితంగా దొరకడం అరుదు. బొమ్మలు చక్కగా ఉంటాయి, మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే.

చిక్కంతా ఆ స్థాయిల దగ్గరే ఉంది. మొదటి స్థాయి అంటే సుమారు 250 మాటల లోపు కథ, చిన్న వాక్యాలు. తెలుగు పిల్లలకు కష్టం మాటల సంఖ్యతో రాదు, ఒత్తులతో వస్తుంది. ‘చెట్టు’ చూడండి. కొమ్ము (‘ఉ’ గుర్తు) పైనున్న ‘ట’కు అంటుకుని కనిపిస్తుంది, కానీ పలికేది కింది ఒత్తు తర్వాత. కంటికి కనబడిన వరసలో చదివే పిల్లవాడు ‘చె-టు-ట’ అంటాడు, లేదా ఒత్తు వదిలేసి ‘చెటు’ అంటాడు. అది అజాగ్రత్త కాదు. కన్ను చూసే వరస, నోరు పలికే వరస వేరని అతనికి ఎవరూ చూపించలేదు, అంతే. ‘వు’, ‘పు’లలో కొమ్ము మిగతా అక్షరాల్లోలా పక్కన కాకుండా కింద నుంచి వస్తుంది. పక్కనే పెడితే ‘వు’ అచ్చం ‘మ’లా ఉంటుంది మరి. ‘మొ’, ‘యొ’ల ఒత్వం కూడా ‘కొ’లో ఉన్నట్టు ఉండదు. గుణింతం అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా కథలో వీటి దగ్గరే తడబడతారు.

అందుకే కథ ఇచ్చే ముందు పెద్దవాళ్లు పెన్సిల్‌తో ఒకసారి చదవాలి. ఒత్తున్న మాటలకు సున్న చుట్టండి. పేజీకి రెండు మూడు కంటే ఎక్కువ వస్తే ఆ కథ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు ఆవు, మేక, పడవ, చేప లాంటి మాటలున్నవి, తర్వాత అమ్మ, అక్క లాంటి ద్విత్వాలు, ఆ తర్వాతే సంయుక్తాక్షరాలు. ‘శాస్త్రి’ లాంటివి చివరికి. చాలా కథలు అనువాదాలు కాబట్టి, ఇంట్లో ఎన్నడూ వినని మాటలు కొన్నిట్లో దొర్లుతాయి. తెలియని మాటను కూడబలుక్కున్నా, సరిగ్గా చదివానో లేదో పిల్లలకు తెలియదు.

ఫోనులో వద్దు, ఒత్తులు చీమల్లా కనిపిస్తాయి. ఏ4 కాగితానికి ఒక పేజీ చొప్పున ప్రింటు తీయండి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు, ఒకే కథ మూడు నాలుగు రోజులు నడవాలి. మొదట మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత పిల్లవాడు ఒక్కడే. ఆగినచోట వెంటనే అందించకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఒక్కో అక్షరం విడదీసి పలికించి, మళ్లీ వాక్యం మొదటి నుంచి చదివించండి.

రెండో రోజుకే గడగడా చదివేస్తే సంబరపడకండి, బొమ్మ చూసి కథ అప్పజెబుతుండవచ్చు. కథ మధ్యలోంచి ఐదారు మాటలు చీటీల మీద రాసి, వరస మార్చి చదివించండి. అక్కడ తెలుస్తుంది.

టీచర్లకు అసలు నచ్చాల్సింది మరొకటుంది. లాగిన్ అయితే కథను మీరే మార్చుకుని, స్థాయి తగ్గించి కొత్త కూర్పుగా పెట్టుకోవచ్చు. బొమ్మలు అవే ఉంచి, ‘వృక్షం’ తీసి ‘చెట్టు’ అనో, అదీ కష్టమైతే ఒత్తు లేని ‘ఆకు’ అనో వాక్యం తిరగరాయండి. చదవలేని పిల్లల కోసం ఈ ఒక్క సౌకర్యమైనా వాడుకోవాలి.

అక్షరాలే ఇంకా పట్టుబడని పిల్లలకు ఇది తొందరే, వాళ్లకు కథ చదివి వినిపిస్తే చాలు. కొన్ని నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించి, తర్వాత డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్య) గురించి నిపుణులను అడగండి.