ఐరన్‌సైడ్ గారి వీల్‌చైర్

డిటెక్టివ్ సీరియల్ అంటే పరుగులు, గోడ దూకుళ్లు. ‘ఐరన్‌సైడ్’లో హీరో కూర్చునే కేసులు తేలుస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కో డిటెక్టివ్‌ల చీఫ్ రాబర్ట్ ఐరన్‌సైడ్‌ను ఒకడు చాటునుంచి కాలిస్తే నడుము కింద చచ్చుబడిపోతుంది. ఈ సీరియల్ అమెరికాలో ఎన్‌బీసీ చానెల్లో 1967 నుంచి 1975 దాకా నడిచింది. హీరో రేమండ్ బర్, అప్పటికే ఇంకో సీరియల్లో లాయర్ పెరీ మేసన్‌గా పేరున్నవాడు. నేనూ వీల్‌చైర్లోనే తిరుగుతాను కాబట్టి హంతకుడెవడన్నది తర్వాత, ముందు నా కళ్లు కుర్చీ మీదికే పోతాయి.

బాగా నచ్చిందేమిటంటే, ఆయన మొహంలో ‘అయ్యో నా బతుకు’ అన్నది లేదు. చిరాకు ఉంది, వెటకారం ఉంది, పని మీద ధ్యాస ఉంది. మన సినిమాల్లో వీల్‌చైర్ కనపడగానే వెనక వయొలిన్ మొదలవుతుంది, క్లైమాక్స్‌లో మనిషి లేచి నడుస్తాడు. ఇక్కడ ఎనిమిది సీజన్లూ కుర్చీలోనే.

కుర్చీ తోసే మార్క్ శాంగర్ ఒకప్పుడు పోలీసుల చేతికి చిక్కిన నల్లజాతి కుర్రాడు. తోస్తూనే లా చదువుతాడు, లాయరవుతాడు. తోసేవాడికీ ఒక బతుకుంటుందని గుర్తుపెట్టుకున్నందుకు రచయితలకు దండం. మా వైజాగ్ ఎంవీపీ కాలనీలో అయితే ముక్కూమొహం తెలియనివాళ్లు చెప్పాపెట్టకుండా వెనకనుంచి హ్యాండిల్స్ పట్టుకుని తోసేస్తారు, పుణ్యం వస్తుందని కాబోలు.

మా అమ్మ నా పక్కన కూర్చుని కాసేపు చూసి, “ఏటే, ఈయన బాత్రూమ్‌కి ఎప్పుడెళ్తాడే?” అంది. అసలు లోపం అక్కడే ఉంది. మంచం మీంచి కుర్చీలోకి రావాలంటే బ్రేకులు వెయ్యాలి, ఫుట్‌రెస్ట్ పక్కకు తిప్పాలి, ఒక చెయ్యి పరుపు మీద, ఇంకోటి సీటు మీద ఆనించి ఒళ్లంతా భుజాలతో ఎత్తి జరపాలి. తొడ కింద బట్ట మడతపడినా మనకు తెలియదు, రాత్రి చూసుకుంటే ఎర్రగా కమిలి ఉంటుంది. పుండు పడితే నెలల తరబడి మంచమే. అందుకే పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతుల మీద లేచి బరువు తప్పించుకోవాలి. చీఫ్ గారు నిందితులను అంతంతసేపు నిలదీస్తాడు గానీ ఒక్కసారి అలా లేచినట్టు నాకైతే కనపడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కూడా మన వైజాగ్ లాంటి ఊరే, ఒకపక్క సముద్రం, మిగతా అంతా ఎత్తుపల్లాలు. పాండురంగాపురం డౌన్‌లో చక్రాల రిమ్‌ను అరచేతులతో అదిమి పట్టి దిగితే చర్మం చుర్రుమంటుంది. ఉప్పుగాలికి ముందుచక్రాల బేరింగులు తుప్పుపట్టి కీచుమంటాయి. ఐరన్‌సైడ్‌కు ఈ టెన్షన్లు లేవు. పోలీసు హెడ్‌క్వార్టర్స్ పై అంతస్తులోనే కాపురం, అక్కడే ఆఫీసు. బయటికెళ్లడానికి లిఫ్ట్ పెట్టించిన పాత పోలీసు వ్యాన్. ఏర్పాటు తెలివైనదే, నాకూ ఆ వ్యాన్ కావాలి. ఇక్కడ ఆటో ఆగితే డ్రైవర్ ముందు కుర్చీని చూస్తాడు, తర్వాత నన్ను, ఆ తర్వాత మీటర్ సంగతి మర్చిపోతాడు. కానీ ఇల్లూ ఆఫీసూ ఒకేచోట పెట్టేసరికి రోజువారీ యాతన సగం కథలోంచి ఎగిరిపోయింది.

2013లో ఇదే ఎన్‌బీసీ బ్లెయిర్ అండర్‌వుడ్‌తో మళ్లీ తీసింది. నాలుగు ఎపిసోడ్లకే ఆపేశారు. నడవగలిగిన నటుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారని విమర్శలొచ్చాయి. న్యాయమే. కాల్పులకు ముందు కథ చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌లలో హీరో నడవాలి కదా అంటారేమో. చిన్నప్పటి హీరోకి వేరే పిల్లాణ్ణి పెట్టుకోవడం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు! రేమండ్ బర్ కూడా నడిచేవాడే, కాకపోతే గొంతుతో, కళ్లతో నెట్టుకొచ్చాడు. 1967లో అంతకన్నా ఆశించలేం, 2013కి ఆ సాకు లేదు.

చూడాలనుకుంటే పాతదే చూడండి, కాల్పుల కథంతా ఉన్న పైలట్‌తో, అంటే సీరియల్‌కు ముందు వచ్చిన మొదటి భాగంతో మొదలుపెట్టండి. సీరియల్లోకి వచ్చాక టైటిల్స్ మాత్రం స్కిప్ చెయ్యకండి, మ్యూజిక్ క్విన్సీ జోన్స్‌ది.