రంగు లగ్గుల డబ్బా బాయిలర్‌కి పనికిరాదు: ఎస్ప్రెస్సో మెషీన్‌కి మూడు రకాల లగ్గుల రివ్యూ

ఇంట్లో ఎస్ప్రెస్సో మెషీన్ హీటింగ్ ఎలిమెంట్ దగ్గర వైరు నల్లబడగానే చాలామంది తెప్పించేది ఎరుపు, నీలం, పసుపు తొడుగుల లగ్గుల (వైరు కొసకి నొక్కి బిగించే లోహపు కనెక్టర్ల) డబ్బా, దానితో వచ్చే పల్చటి రేకు ప్లయరు. బండి హారన్‌కో ఎల్‌ఈడీ పట్టీకో ఆ డబ్బా బాగానే పనికొస్తుంది. బాయిలర్‌కి పెడితే మాత్రం కొన్నాళ్లకే మళ్లీ అదే కాలిన వాసన. ఈ రంగు లగ్గులతో పాటు తొడుగు లేని టిన్ను పూత ఇత్తడి లగ్గుల్ని, నికెల్ పూత స్టీలు లగ్గుల్ని కూడా ఇక్కడ చూద్దాం. మూడూ 6.3 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం ఉన్న ట్యాబ్‌కి, అంటే ఎలిమెంట్ మీదో స్విచ్ మీదో ఉండే చదునైన రేకు కొసకి, ఎక్కేవే. పైకి పెద్ద తేడా కనిపించదు.

అసలు కాలేది ఎందుకు? 230 వోల్టుల దగ్గర 1,400 వాట్ల ఎలిమెంట్ సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. 1.5 చదరపు మి.మీ. రాగి వైరుకి అదో లెక్క కాదు. చిక్కంతా జాయింటు దగ్గరే. లగ్గు వదులై అక్కడ 0.1 ఓం నిరోధం చేరితే 3.6 వాట్ల వేడి పుడుతుంది. అది 0.5 ఓం అయితే 18 వాట్లు, అంటే గోరంత రేకులో చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. దానికి కింద నుంచి బాయిలర్ వేడి తోడవుతుంది, స్టీమ్ మీద ఉన్నప్పుడు అది 140 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఇత్తడిలో స్ప్రింగు గుణం చచ్చిపోతుంది, పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పైగా వైబ్రేషన్ పంపు ఆన్ చేసిన ప్రతిసారీ అదురు.

రంగు లగ్గుల్లో మొదట లొంగిపోయేది ప్లాస్టిక్ తొడుగు. మెత్తబడి జారుతుంది, తర్వాత గోధుమరంగుకి తిరిగి అప్పడంలా పెళుసెక్కుతుంది. లోపల క్రింపు (వైరు మీద లగ్గుని నొక్కిన బిగింపు) ఎలా పడిందో తొడుగు వల్ల కనిపించకపోవడం ఇంకో లోపం. వీటిని బాయిలర్‌కి దూరంగా ఉన్న పవర్ స్విచ్ వరకు వాడొచ్చు, అంతకు మించి వద్దు. టిన్ను పూత ఇత్తడివి కాస్త నయం. పంపు, స్విచ్‌ల వైపు ఇవే సరైనవి, సులువుగా నొక్కుకుంటాయి. కానీ 110 డిగ్రీల ప్రాంతం దాటితే వీటి పని కూడా అయిపోయినట్టే.

ఎలిమెంట్‌కి, బాయిలర్‌కి బిగించిన థర్మోస్టాట్‌లకి, థర్మల్ ఫ్యూజ్‌కి (వేడి మితిమీరితే కరెంటు తెంచేది) నికెల్ పూత స్టీలువే పెట్టాలి. 250 డిగ్రీల దాకా పట్టు వదలవు. వీటికీ ఇబ్బందులున్నాయి: గట్టిగా ఉంటాయి కాబట్టి మామూలు ప్లయరుకి లొంగవు; పదేపదే తీసి పెడితే ట్యాబ్‌ని గీరేస్తాయి. కొనేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. స్టీలైతే అంటుకుంటుంది, మెరిసే పూత వేసిన ఇత్తడి అంటుకోదు. ‘హై టెంపరేచర్’ అని రాసున్న ప్యాకెట్‌కైనా ఈ పరీక్ష తప్పదు.

క్రింపర్ విషయంలో పొదుపు చేయకండి. తొడుగు లేని లగ్గులకి రెండు జతల రెక్కలుంటాయి: ముందువి రాగి పోగుల్ని, వెనకవి ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. ఆ రెక్కల్ని లోపలికి చుట్టే డై (అచ్చు) ఉన్న రాచెట్ క్రింపర్ కావాలి. పూర్తిగా నొక్కేదాకా అది వదలదు, సగం క్రింపు పడే ప్రమాదమే ఉండదు. క్రింపు మీద టంకం వేస్తే బలమనుకుంటారు కానీ అది తప్పు. మామూలు టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, టంకం పీల్చుకున్న పోగులు బిరుసెక్కి అదురుకి అక్కడే తెగుతాయి.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు ఊడదీసి, బాయిలర్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్రతి వైరుకీ ఫోటో తీసుకోండి. పాత లగ్గు ఒక్క వేలితో లాగితే ఊడొచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. దాన్ని ప్లయరుతో నొక్కి మళ్లీ పెట్టడం దండగ. వైరు కొసని రాగి నిగనిగలాడే చోటు వచ్చేదాకా కత్తిరించండి. నల్లబడ్డ పోగుల మీద ఎంత మంచి క్రింపైనా నిలవదు. పొడవు చాలకపోతే అతకొద్దు, మొత్తం వైరునే 180 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ వైరుతో మార్చేయండి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల సరుకు. ఇన్సులేషన్ 5–6 మి.మీ. ఒలిచి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా నొక్కి, గట్టిగా లాగి చూడండి. ట్యాబ్‌ని సన్నటి ఎమెరీ కాగితంతో మెరుపొచ్చేలా రుద్దండి. లగ్గు కొత్తదే వేసినా మళ్లీ కాలిందంటే కారణం చాలావరకు ఈ మసి ట్యాబే. ట్యాబ్ గుంటలు పడితే, ఊగుతుంటే ఎలిమెంటే మార్చాలి. ట్యాబ్ చుట్టూ తెల్లటి పొర పేరుకుని కనిపిస్తే గాస్కెట్ నుంచి ఆవిరి లీకవుతోందని అర్థం, ముందు దాని సంగతి చూడండి.

లగ్గు మీదికి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ ఎక్కించాలి, గీజర్లు బాగుచేసేవాళ్ల దగ్గర దొరికేది అదే. మామూలు హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) ఇక్కడ నిలవదు. వైరు బాయిలర్‌ని తాకకుండా, బిర్రుగా లాగినట్టు లేకుండా కొంచెం వదులుంచండి. మూత వేసే ముందు మల్టీమీటర్‌తో చూస్తే 1,400 వాట్ల ఎలిమెంట్ సుమారు 38 ఓంలు చూపాలి. ఎలిమెంట్‌కీ ఎర్త్‌కీ మధ్య కనెక్షనే ఉన్నట్టు చూపకూడదు. జాయింటు మంచిచెడ్డలు మాత్రం మల్టీమీటర్ తేల్చలేదు, 0.1 ఓం ప్రోబుల నిరోధంలోనే కలిసిపోతుంది. చేత్తో లాగి చూడటమే దానికి పరీక్ష. ఏడాదికోసారి మూత తీసి ఆ పని చేస్తే చాలు.

ఒక మెషీన్‌కి 6.3 మి.మీ. స్టీలు లగ్గులు పది, చిన్న ట్యాబ్‌లకి 4.8 మి.మీ.వి నాలుగు, సిలికాన్ వైరు ఒక మీటరు సరిపోతాయి. ఇరుకు చోట్లకి పక్కకి తిరిగిన ఫ్లాగ్ రకం రెండు అదనంగా తీసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు వైరు, స్లీవ్ కోసం ట్రూప్ బజార్‌లో వెతకొచ్చు.

గోడ వైపు కూడా చూడండి. 6 ఆంపియర్ల లైటు సాకెట్‌లో ఈ మెషీన్ పెట్టకూడదు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్టే కావాలి. అమెరికా నుంచి తెచ్చిన 110 వోల్టుల మెషీన్‌ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపేవాళ్లకి కరెంటు రెట్టింపు, జాయింటు దగ్గర వేడి నాలుగింతలు. స్టీలు ఇత్తడి కంటే కరెంటుకి ఎక్కువ అడ్డుపడుతుంది కాబట్టి, అలాంటి మెషీన్‌కి లగ్గు ప్యాకెట్ మీద ఉన్న ఆంపియర్ల రేటింగ్ చూశాకే కొనండి.