‘ది వరల్డ్‌లీ ఫిలాసఫర్స్’: బడ్జెట్ చర్చలు వినేవారికి పనికొచ్చే పుస్తకం

రాబర్ట్ హైల్‌బ్రోనర్ 1953లో వెలువరించిన ఈ పుస్తకం ఆర్థికశాస్త్ర పాఠాలు చెప్పదు. ఆడం స్మిత్ మొదలు షుంపీటర్ దాకా పేరొందిన ఆర్థికవేత్తల సిద్ధాంతాలు ఏ కాలంలో, ఎవరెవరి ప్రయోజనాలు ఢీకొన్నప్పుడు పుట్టాయో చెబుతుంది. నేను చదివింది 1999 నాటి ఏడవ కూర్పు. ఇంగ్లిషు దినపత్రికలో సంపాదకీయం చదివి అర్థం చేసుకోగలవారికి ఇందులో కొరుకుడుపడని భాగాలు తక్కువే.

అన్నిటిలోకీ బ్రిటిష్ ఆర్థికవేత్తలు మాల్థస్, రికార్డోల అధ్యాయం మిన్న. నెపోలియన్ యుద్ధాలు ముగిసిన 1815లో బ్రిటిష్ పార్లమెంటు విదేశీ ధాన్యం దిగుమతిని కట్టడి చేసింది. ధాన్యం ధర నిలబడితే భూస్వామికి కౌలు దండిగా వస్తుంది, తిండి ఖరీదై కూలి పెరిగితే ఫ్యాక్టరీ యజమానికి లాభం తగ్గుతుంది. స్టాక్ మార్కెట్లో గడించి, ఎస్టేటు కొని, తానే భూస్వామి అయిన రికార్డో ఆ చట్టాన్ని వ్యతిరేకించగా, పెద్దగా ఆస్తి లేని మాల్థస్ దాన్ని సమర్థించాడు. అయినా వారి స్నేహం చెడలేదు. 2023 జూలైలో కేంద్రం బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు తగాదా ఇదే, దిశ మాత్రం తిరగబడింది: ఇక్కడ కట్టడి వల్ల మేలు కొనుక్కు తినేవారికి, భారం వరి రైతుకూ ఎగుమతిదారుకూ. ఈ అధ్యాయం చదివినవారు ‘దేశ ప్రయోజనం’ అన్న మాట వినగానే లాభపడేది ఎవరు, అది ఎవరి జేబులోంచి పోతుంది అని అడగకుండా ఉండలేరు. సామాన్య పౌరుడికి ఈ చరిత్ర వల్ల కలిగే లాభం, నా దృష్టిలో, ఈ ప్రశ్నే.

ఆడంబరపు ఖర్చు గురించిన వెబ్లెన్ అధ్యాయం సరదాగా సాగుతుంది. మన పెళ్లిళ్లు చూసినవారికి వేరే ఉదాహరణలు అక్కర్లేదు. షుంపీటర్ దగ్గర మాత్రం కథనం నెమ్మదిస్తుంది.

అసలు లోటు మన వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. మాల్థస్ 1805లో ఈస్టిండియా కంపెనీ కాలేజీలో నియమితుడై, భారతదేశంలో కొలువులకు రాబోయే కంపెనీ కుర్రవాళ్లకు పాఠాలు చెప్పాడు. జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా అదే కంపెనీ ఉద్యోగి. కీన్స్ లండన్‌లో భారత వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసులో పనిచేసి, 1913లో మన కరెన్సీ మీద పుస్తకమే రాశాడు. ఇంత సంబంధం ఉన్నా, వలస పాలన ఈ ఆలోచనలను ఎలా వాడుకుందన్న విచారణ ఇందులో లేదు. మన సంపద బ్రిటన్‌కు తరలిపోతున్న తీరును లెక్కలు కట్టి చూపిన దాదాభాయి నౌరోజీకి ఒక అధ్యాయమూ దక్కలేదు.

పోటీ పరీక్షలకు నోట్సు కోసం వెతికేవారు దీన్ని కొనవలసిన పని లేదు. మిగతావారు వరుస పాటించకుండా ధాన్యం తగాదా దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఆడం స్మిత్ దగ్గరకు వెళ్లడం మంచిది.