రోటరీలో చేరాలా, లయన్స్‌లో చేరాలా?

రెండూ షికాగోలో పుట్టిన సేవా క్లబ్బుల సంస్థలే: రోటరీ 1905లో, లయన్స్ 1917లో. మహిళలకు తలుపులు తెరవడానికి 1980ల చివరిదాకా తాత్సారం చేసినవీ రెండూనూ. తేడాలు చూద్దాం.

ప్రధాన కృషి: రోటరీకి పోలియో. 1985లో పట్టుకున్న పనిని ఇప్పటికీ వదల్లేదు. లయన్స్‌కి కంటిచూపు. 1925లో వారి మహాసభలో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలవమని అడిగారు. శుక్లాల ఆపరేషన్లు, పాత కళ్లజోళ్ల సేకరణ నేటికీ వారి ముద్రే.

ఖర్చు: రెండింటిలోనూ చందా అంతర్జాతీయ కార్యాలయం, డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని క్లబ్బుల సముదాయం), స్థానిక క్లబ్బుల మధ్య పంచుకుపోతుంది. అసలు భారం భోజనాల బిల్లు. ఏడాదికి మొత్తం ఎంతవుతుందో కోశాధికారిని ముందే అడగండి, మొహమాటం వద్దు.

శ్రమ: పెద్ద ప్రాజెక్టులకు రోటరీ ఇచ్చే నిధి, అంటే గ్లోబల్ గ్రాంటుకు మరో దేశపు క్లబ్బు భాగస్వామి కావాలి, ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లది ఉండాలి. కాగితాల పని తల తినేస్తుంది. కానీ తాగునీటి పథకం లాంటివి చిన్న విరాళాలతో తేలేవి కావు.

ముప్పు: రెండింటికీ ఒకటే, పదవుల పిచ్చి. అతిథిగా ఒకటి రెండు సమావేశాల్లో కూర్చోండి. చర్చ రోగుల జాబితా మీదా, బ్యానర్‌పై ఎవరి ఫొటో ముందుండాలనా? అక్కడే తేలిపోతుంది.

వృత్తి పరిచయాలు, దేశాలు దాటే ప్రాజెక్టులు కావాలంటే రోటరీ. కంటి శిబిరంలో స్వయంగా నిలబడి పనిచేయాలంటే లయన్స్. దగ్గర్లో ఒకటే చురుగ్గా ఉంటే పేరు చూడకుండా అందులోనే. రెండూ నిద్రపోతుంటే, 20 మందిని కూడగట్టి కొత్త క్లబ్బుకు దరఖాస్తు చేయవచ్చు.