కరోనా ఏళ్ల విదేశీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: ఆన్‌లైన్‌కి ఎన్ని మార్కులు, విమానానికి ఎన్ని?

బీటెక్ మూడో ఏడాది పూర్తయిన వేసవిలో కెనడాకో జర్మనీకో వెళ్లి, అక్కడి ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేసి వచ్చే ప్రోగ్రాములు మన ఐఐటీ, ఎన్‌ఐటీ పిల్లలకు బాగా తెలుసు. కెనడాకి పంపే మైటాక్స్ గ్లోబలింక్, జర్మనీకి పంపే డాడ్ వారి వైజ్ అలాంటివే. 2020 మార్చిలో సరిహద్దులు మూతపడ్డాక ఈ తరహా ప్రోగ్రాముల్లో కొన్ని రద్దయ్యాయి, కొన్ని వాయిదా పడ్డాయి, కొన్ని ఇంటి నుంచే సాగాయి. ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ గురించీ కాదు, కరోనా కాలంలో ఆ ఇంటర్న్‌షిప్ తీసుకున్న రూపాల గురించి. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే దరఖాస్తు చేసే విద్యార్థికీ, పంపించే డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్‌కీ పనికొస్తుంది.

ముందే మార్కులు చెప్పేస్తే: కంప్యూటర్ మీద సాగే ప్రాజెక్టు ఆన్‌లైన్‌లో చేస్తే 5కి 4. వెట్ ల్యాబ్ ప్రాజెక్టును, అంటే రసాయనాలతో, కణాలతో చేతులారా చేసే పనిని, ఆన్‌లైన్‌లోకి లాగితే 1, అదీ దయతలచి. క్వారంటైన్ చేసి మరీ వెళ్లి చేసేది 12 వారాలదైతే 3, 8 వారాలదైతే 2.

ఆన్‌లైన్ రకం బాగుపడేదీ చెడిపోయేదీ మొదటి వారంలోనే. కెనడానే తీసుకోండి. అక్కడి పరిశోధకులకు ఉమ్మడి సూపర్ కంప్యూటర్లు ఉన్నాయి. అప్పట్లో కంప్యూట్ కెనడా అనేవారు, 2022 నుంచి డిజిటల్ రీసెర్చ్ అలయన్స్ చూసుకుంటోంది. విద్యార్థి తనంతట తాను ఖాతా తెరవలేడు. ప్రొఫెసర్ తన సీసీఆర్ఐ నంబర్ (అక్కడి ఖాతా గుర్తింపు సంఖ్య) ఇవ్వాలి, దాంతో విద్యార్థి రిజిస్టర్ అవ్వాలి, ఆపైన ‘ఇతను మా వాడే’ అని ప్రొఫెసర్ ధ్రువీకరించాలి. ఆ మెయిల్ ప్రొఫెసర్‌గారి ఇన్‌బాక్స్‌లో అడుగున పడి ఉంటే వారం గోవిందా. యూనివర్సిటీ వీపీఎన్ (బయటి నుంచి వాళ్ల నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కావాలంటే అది వేరే కథ: గెస్ట్ ఐడీ ఇంకో ఆఫీసు ఇవ్వాలి, దానికి టూ-ఫ్యాక్టర్ లాగిన్ పెట్టుకోవాలి. ఇవన్నీ ప్రోగ్రామ్ మొదలయ్యే రోజుకి కనీసం 2 వారాల ముందే నడిపించాలి. కోఆర్డినేటర్ అడగాల్సిన ప్రశ్న ‘మీటింగ్ ఎప్పుడు?’ కాదు, ‘మా విద్యార్థి లాగిన్ అయి ఒక టెస్ట్ జాబ్ (సూపర్ కంప్యూటర్‌కి అప్పగించే చిన్న పని) నడిపాడా?’

లాగిన్ అయ్యాక జరిగే పొరపాట్లు కూడా దాదాపు ప్రతిచోటా ఒకటే. 2 గంటల పనికి 7 రోజుల సమయం అడుగుతూ జాబ్ పెడతారు, అది క్యూలో కూర్చుంటుంది. ఏ జాబ్ ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ ఖాళీల్లో చిన్న జాబుల్ని సులువుగా ఇరికిస్తుంది, కాబట్టి కావాల్సిన దానికి కాస్త ఎక్కువ అడిగితే చాలు. లాగిన్ నోడ్ మీదే, అంటే అందరూ లోపలికి అడుగుపెట్టే ఉమ్మడి యంత్రం మీదే, ప్రోగ్రామ్ నడిపేసి అడ్మిన్ చేత అక్షింతలు వేయించుకోవడం ఇంకొకటి. మన ఊళ్లలో కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే టెర్మినల్‌లో నడుస్తున్న పనీ పోతుంది. కనెక్షన్ తెగినా అక్కడి యంత్రంలో పనిని నడుపుతూ ఉంచే టీమక్స్‌లో సెషన్ తెరిచి పనిచేస్తే, కరెంటు వచ్చాక ఆగిన చోట నుంచే అందుకోవచ్చు. డేటాను ఇంటికి దించుకోవద్దు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టుకున్నవాళ్లకు 200 జీబీ డేటాసెట్ జన్మలో దిగదు. లెక్కలు అక్కడే చేయించి, గ్రాఫులు మాత్రం తెచ్చుకోండి.

టైమ్ తేడా విషయంలో జర్మనీకి ఎదురులేదు. వేసవిలో అక్కడ ఉదయం 9 అంటే మనకు మధ్యాహ్నం 12:30. టొరంటోలో 9 అంటే సాయంత్రం 6:30, ఇదీ ఫర్వాలేదు. వాంకూవర్‌లో 9 అంటే రాత్రి 9:30. వారానికి ఒక మీటింగ్ అయితే గడిచిపోతుంది. రోజూ గ్రూప్ కాల్ అంటే మూడో వారానికే విద్యార్థి కెమెరా ఆపేసి నిద్రపోతాడు.

ఇక వెట్ ల్యాబ్. పిపెట్ పట్టడం నేర్పాలంటే భుజం పక్కన భుజం పెట్టి నిలబడాలి. 2020-21లో ల్యాబులు తెరిచినా 2 మీటర్ల దూరం, విడతలవారీ షిఫ్టులు. అక్కడే ఉన్న కొత్త విద్యార్థికే నేర్పలేని స్థితిలో ఇక్కడున్నవాడికి ఏం నేర్పుతారు? అందుకే చాలాచోట్ల ప్రాజెక్టు చల్లగా లిటరేచర్ రివ్యూగా మారిపోయింది. దాన్ని ఇంటర్న్‌షిప్ అనడం మాకు మింగుడుపడదు. కిట్లు కొరియర్‌లో పంపడమూ అంతే: ఆర్డ్వినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చేరుతుంది, చల్లగా ఉండాల్సిన ఎంజైమ్ కస్టమ్స్ గోడౌన్‌లోనే పాడైపోతుంది.

పనిచేసే పద్ధతి ఒకటుంది. బెంచ్ పని అక్కడి పీహెచ్‌డీ విద్యార్థి చేస్తాడు, మైక్రోస్కోప్ చిత్రాలు ఆ రోజే అప్‌లోడ్ చేస్తాడు, కణాల లెక్క, కాంతి తీవ్రత కొలతలు ఇక్కడి విద్యార్థి ఫిజీ అనే ఉచిత చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాడు. షరతు ఒక్కటే: చిత్రం మైక్రోస్కోప్ ఇచ్చిన అసలు ఫైల్‌గానే రావాలి. తెలిసీతెలియక స్క్రీన్‌షాట్ తీసి జేపెగ్‌గా పంపితే పిక్సెల్‌కి ఎన్ని మైక్రాన్లో చెప్పే సమాచారం పోతుంది, కుదింపు వల్ల తీవ్రత విలువలూ మారిపోతాయి. వారం రోజులు కొలిచిన కొలతలన్నీ చెత్తబుట్టకే. మొదటి ఫైల్ రాగానే ఫిజీలో తెరిచి, స్కేల్ మైక్రాన్లలో చూపిస్తోందా, పిక్సెళ్లలోనా అని చూసుకోవాలి.

విమానం ఎక్కే రకానికి ముందు లెక్క వేసుకోవాలి. 12 వారాలంటే 84 రోజులు. 14 రోజుల క్వారంటైన్ పోతే 70 మిగులుతాయి. 8 వారాలదైతే 56లో 14, అంటే పావు వంతు హోటల్ గదికే సమర్పయామి. పైగా నిబంధనలు మధ్యలో మారాయి. 2021 ఏప్రిల్ 22న కెనడా మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలు ఆపేసింది, సెప్టెంబర్ చివరి దాకా తెరవలేదు. మాల్దీవులో, మెక్సికోనో, సెర్బియానో చుట్టి, అక్కడ పీసీఆర్ చేయించుకుని వెళ్లాల్సి వచ్చింది. జర్మనీ 2021 ఏప్రిల్ 26 నుంచి జూలై 7 వరకు భారత్‌ను వైరస్ వేరియంట్ ప్రాంతాల జాబితాలో, అంటే రాకపోకలు చాలావరకు ఆపేసే జాబితాలో, ఉంచింది. వేసవి ఇంటర్న్‌షిప్‌కి సరిగ్గా అవే రోజులు.

టీకా తిరకాసు మనవాళ్లకు ఇంకా బాగా తగిలింది. కోవిషీల్డ్ రెండో డోసుకి అప్పట్లో 84 రోజులు ఆగాలి. చదువుకి వెళ్లేవారికి 28 రోజులకే ఇవ్వొచ్చని కేంద్రం 2021 జూన్‌లో వెసులుబాటు ఇచ్చింది, కోవిన్ సర్టిఫికెట్‌కి పాస్‌పోర్ట్ నంబర్ జతచేయాలనీ చెప్పింది. హైదరాబాద్‌లోనే తయారైన కోవాగ్జిన్‌కి డబ్ల్యూహెచ్‌వో ఆమోదం 2021 నవంబర్ 3న గానీ రాలేదు. కెనడా అంగీకరించింది నవంబర్ 30 నుంచి. ఆ వేసవికి అది ఎవరికీ అక్కరకు రాలేదు.

ఇన్సూరెన్స్‌లో ధర చివర చూడండి, మినహాయింపుల పేజీ ముందు చదవండి. చూడాల్సినవి మూడు. మహమ్మారి ‘ముందే తెలిసిన ఘటన’ కింద మినహాయింపులో ఉందా? ఒంట్లో బాగానే ఉన్నా పాజిటివ్ వచ్చి ఐసొలేషన్‌లో ఉంటే గది అద్దె ఇస్తారా, ఆసుపత్రి ఖర్చే ఇస్తారా? ప్రభుత్వం ప్రయాణం వద్దని హెచ్చరించిన దేశానికి పాలసీ వర్తిస్తుందా? 2020 మార్చి 19న అమెరికా మొత్తం ప్రపంచానికే లెవెల్ 4 హెచ్చరిక (‘ప్రయాణం చేయవద్దు’) ఇచ్చినప్పుడు ఈ మూడోదే చాలా ప్రోగ్రాముల మెడకు చుట్టుకుంది. జర్మనీ లాంటి యూరప్ దేశాలకు ఇచ్చే షెంజెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ తప్పనిసరి. అది వీసా కోసం పెట్టిన కనీస మొత్తం, ఐసొలేషన్ ఖర్చుకి హామీ కాదు. ‘ఏ కారణంతోనైనా రద్దు’ రకం పాలసీలు అమెరికాలో దొరుకుతాయి కానీ సాధారణంగా ఖర్చులో 50 నుంచి 75 శాతమే వెనక్కి ఇస్తాయి, అదీ మొదటి డబ్బు కట్టిన 2, 3 వారాల్లోపు కొంటేనే. గ్రూపుగా పంపే కోఆర్డినేటర్ 10 మందికి కనీసం 2 ఖాళీ గదులు బుక్ చేసి ఉంచుకోవాలి. ఒకరికి పాజిటివ్ వచ్చిన రాత్రి గది వెతుక్కునే పని ఉండకూడదు.

స్టైపెండ్ గురించి ఒక్క మాట. ఇంట్లో కూర్చుని చేసే విద్యార్థికి విదేశీ ఖాతా ఉండదు, కాబట్టి విదేశాల నుంచి డబ్బు రావడానికి కావాల్సిన బ్రాంచి స్విఫ్ట్ కోడ్ ముందే తీసుకోవాలి. చిన్న బ్రాంచీలకు సొంత కోడ్ ఉండదు, మెయిన్ బ్రాంచి కోడ్ ఇవ్వాల్సి ఉంటుంది. డబ్బు వచ్చాక దేనికోసం వచ్చిందని బ్యాంకు అడుగుతుంది, ఆఫర్ లెటర్ పీడీఎఫ్ చేతిలో ఉంచుకోండి.

రికమెండేషన్ లెటర్ విషయంలో ఆన్‌లైన్ విద్యార్థి కాస్త వెనకబడతాడు, ప్రొఫెసర్ అతన్ని పనిలో కళ్లారా చూడలేదు మరి. దీనికి విరుగుడు వారం వారం ఒక పేజీ నోట్: ఏం ప్రయత్నించాను, ఏది చెడింది, కోడ్ ఎక్కడుంది. లెటర్ అడిగేటప్పుడు ఆ 12 పేజీలూ జతచేసి పంపితే ప్రొఫెసర్‌కి రాయడానికి సరుకు దొరుకుతుంది.