కప్పింగ్ చెంచా: మూడు నెలలు వాడిన తరువాత

విజయనగరంలో మా ఇంట కాఫీ అంటే ఫిల్టరులో దిగిన చిక్కటి డికాక్షను, కాచిన పాలు, పంచదార. ఈ మూడూ కలిశాక గింజ మంచిదో కాదో చెప్పడం చాలా కష్టం. గింజ రుచిని విడిగా తెలుసుకోవాలనే కోరికతో మూడు నెలల క్రితం, కాఫీని పరీక్షించేవారు వాడే కప్పింగ్ చెంచాను 450 రూపాయలకు తెప్పించుకున్నాను.

వంటింటి చెంచా కోలగా, లోతు తక్కువగా ఉంటుంది. ఈ స్టీలు చెంచా గిన్నె మాత్రం గుండ్రంగా, లోతుగా ఉండి, టానిక్ సీసా కొలత మూతతో పోసి చూస్తే నిండుగా 8 మిల్లీలీటర్లు పట్టింది. సగం ముంచినా రుచికి సరిపోతుంది. ప్రతిసారీ ఒకే పరిమాణం నోట్లోకి వస్తుంది కాబట్టి ఒక గ్లాసును మరొక గ్లాసుతో న్యాయంగా పోల్చవచ్చు.

నేను పాటించే కొలత గ్లాసుకు 11 గ్రాముల గరుకు పొడి, 200 మిల్లీలీటర్ల నీరు. నీటి వేడి 93 డిగ్రీల దగ్గర ఉండాలి. నీళ్లు పోసిన నాలుగు నిమిషాలకు పైన మందంగా కట్టిన పొడి పొరను, ముక్కును గ్లాసుకు ఆనించినంత దగ్గరగా వంచి, చెంచా వీపుతో మూడుసార్లు మెల్లగా వెనక్కి నెట్టాలి. కాఫీ వాసన అంత నిండుగా మరెప్పుడూ అందదు. తరువాత నురగ తీసివేసి, పది నిమిషాలు ఆరనిచ్చి, చెంచాడు కాఫీని గట్టిగా జుర్రాలి. చప్పుడు చేయకుండా తాగమని చిన్నప్పుడు నేర్పిన మర్యాదను ఆ కాసేపు పక్కన పెట్టాలి, ఎందుకంటే గాలితో కలిసి తుంపరలుగా మారిన కాఫీ నాలుకంతా పరుచుకుని, దాని పరిమళం గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరుతుంది. గ్లాసు మారినప్పుడల్లా చెంచాను వేడినీటిలో కడగడం తప్పనిసరి.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గింజలను, శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లినప్పుడు రెండు రకాలుగా కొని తెచ్చాను. పండు గుజ్జు తీసి, కడిగి ఎండబెట్టిన గింజలో బత్తాయి తొనను తలపించే పులుపు ఉంది, అది కాఫీ చల్లారేకొద్దీ మరింత తేటపడింది. పండుతోనే ఎండబెట్టిన గింజలో బాగా మగ్గిన పనసతొన వాసన, నాలుకపై బరువైన తీపి. ఈ తేడా పాలు పోసిన కాఫీలో నాకు ఏనాడూ దొరకలేదు. బోరునీటితో చేసినప్పుడు ఆ బత్తాయి పులుపు దాదాపు అణగిపోయింది కాబట్టి నీటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు.

మూడో గ్లాసులో చికోరి (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలపలేదని చెప్పి ఊళ్లోని ఒక కొట్టువారు ఇచ్చిన పొడి వేశాను. పక్క గ్లాసుల్లో పొడి తేలి పొర కడుతుంటే, ఇందులో కొంత పొడి వెంటనే మునిగి, గోధుమరంగు చారలు అడుగుదాకా దిగాయి, అది చికోరి గుర్తు. వేడిమీదా, చల్లారాకా ఒకటే చేదు. పాలలో చికోరి కాఫీ నాకూ ఇష్టమే, కానీ లేదని చెప్పి కలపడం తప్పు. అప్పటి నుంచి గింజలే కొని ఇంట్లో మరపట్టుకుంటున్నాను.

చెంచాలో లోపాలున్నాయి. కాడ సన్నం, గిన్నె బరువు కావడంతో గ్లాసు అంచున ఆనిస్తే లోపలికి జారిపోతుంది. అంచును సరిగా నునుపు చేయకపోవడం వల్ల మొదటి వారం పెదవికి గరుకుగా తగిలింది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, పెట్టెలో ఒక్కటే రావడం. నురగ తీయడానికి రెండు చెంచాలను ఎదురెదురుగా పట్టుకుంటేనే మడ్డి కదలకుండా పని అవుతుంది. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు లేనివారు ముందు అదే కొనాలి. త్రాసు ఉన్నవారు ఈ చెంచాలు రెండు తీసుకోవచ్చు. నేను రెండోదాన్ని తెప్పిస్తున్నాను, అయితే ఈసారి కాడ మందంగా ఉన్న రకం ఎంచుకున్నాను.